వాయిదాలు తీరిన కారును అప్పుడే అమ్మేయాలా?

ప్రశ్న: అన్నగారూ, మా పెట్రోలు కారు కొని ఏడేళ్లయింది. మాన్యువల్ గేర్ల బండి. మీటరు 82 వేల కిలోమీటర్లు దాటింది. పోయిన ఏడాదే లోను వాయిదాలన్నీ తీరాయి. ఇక ఊపిరి పీల్చుకోవచ్చు అనుకుంటే, సర్వీసింగ్‌కి ఇచ్చిన ప్రతిసారీ బిల్లు తడిసి మోపెడవుతోంది. ఈసారి బిల్లులో ఇంజిన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్, బ్రేక్ ప్యాడ్లు, ఏసీ క్లీనింగ్, అలైన్‌మెంట్ అని రాశారు. ఏది ఎందుకో అర్థం కాలేదు, అడగడానికి మొహమాటపడి కట్టేసి వచ్చాను. దానికి తోడు మైలేజీ కూడా తగ్గింది. నేను రోజూ ఆఫీసుకి నాలుగైదు కిలోమీటర్లు నడుపుతాను, నెలకోసారి దూరం వెళ్తాం. మా వారు "విలువ ఉండగానే అమ్మేసి కొత్తది తీసుకుందాం" అంటున్నారు. మళ్లీ లోను అంటే నాకు టెన్షన్‌గా ఉంది. ఉన్న కారుతోనే పెట్టిన డబ్బుకి తగిన ఫలితం రాబట్టుకోవడం ఎలా?

సమాధానం: చెల్లెమ్మా, మీ ఉత్తరంతో పాటు పంపిన బిల్లు కూడా చూశాను. ముందు అసలు ప్రశ్నకి జవాబు చెప్పేస్తాను. మీరు రాసినదాన్ని బట్టి, ఇప్పుడు అమ్మకండి.

ఎందుకంటే, కొత్త కారు కొన్నవాళ్లకి మొదటి కొన్నేళ్లలో ఎక్కువగా పోయేది పెట్రోలు డబ్బూ కాదు, రిపేరు డబ్బూ కాదు. కారు విలువ పడిపోవడం వల్ల పోయే డబ్బు. అది చేత్తో కట్టేది కాదు కాబట్టి కంటికి కనపడదు, అమ్మే రోజున ఒక్కసారిగా తెలుస్తుంది. ఆ పతనం మొదటి రెండు మూడేళ్లలోనే చాలా వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. మీ కారు ఆ నిటారు దిగుడంతా ఎప్పుడో దిగేసింది. ఆ నష్టం మీరు భరించేశారు. ఇప్పుడు అమ్మి కొత్తది కొంటే అదే దిగుడు మళ్లీ మొదటి నుంచి, అదీ వడ్డీతో కలిపి మొదలవుతుంది. వాయిదాలు తీరాక నడిపే కిలోమీటర్లే ఏ కారుకైనా చవకైనవి. మీరు ఆ దశలోకి ఇప్పుడిప్పుడే అడుగు పెట్టారు.

మీ వారి మాటలోనూ న్యాయం ఉంది. పాత కారుకి ఖర్చు వస్తుంది. అందుకే ఇద్దరూ కూర్చుని కాగితం మీద ఒక లెక్క వేసుకోండి. గత పన్నెండు నెలల్లో సర్వీసింగులు, రిపేర్లు, టైర్లు అన్నీ కలిపి ఎంతయిందో ఒక పక్కన రాయండి. రెండో పక్కన కొత్త కారుకి నెలవాయిదా ఎంతో, దానితో పాటు పెరిగే ఇన్సూరెన్స్ ఎంతో రాయండి. పోయిన ఏడాది రిపేర్ల మొత్తం కొత్త కారుకి ఎన్ని నెలల వాయిదాలకి సమానమో చూడండి. చాలామందికి అది మూడు నాలుగు నెలలు దాటదు. మిగతా నెలల వాయిదాలు మీ ఇంట్లోనే ఉంటాయి. అందులో కొంత ప్రతినెలా కారు పేరున పక్కన పెట్టండి, అప్పుడు రేపు టైర్లు మార్చాల్సి వచ్చినా గుండె గుభేల్‌మనదు.

ఇక బిల్లు సంగతి. మీ కారు గ్లవ్ బాక్సులో ఓనర్స్ మాన్యువల్ ఉంటుంది. దాని వెనక పేజీల్లో సర్వీసు పట్టిక ఉంటుంది, ఎన్ని కిలోమీటర్లకి లేదా ఎన్ని నెలలకి ఏం మార్చాలో గళ్లు గీసి ఉంటుంది. బిల్లులోని ఒక్కో పేరు ఆ పట్టికలో ఉందో లేదో వెతకండి. ఇంజిన్ ఫ్లష్, అంటే ఇంజిన్ లోపల మందు పోసి కడగడం, మామూలుగా అందులో ఉండదు. వేళకి ఆయిలు మార్చుకుంటూ వచ్చిన ఇంజిన్‌కి దాని అవసరం రాదు. ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లని శుభ్రం చేసే ఇంజెక్టర్ క్లీనింగ్ కూడా అంతే, ఇంజిన్ కొట్టుకుంటూ నడవడం, పికప్ లేకపోవడం లాంటి లక్షణం ఏదైనా ఉంటేనే ఆలోచించాలి. అలైన్‌మెంట్‌కి, అంటే చక్రాలు తిన్నగా ఉండేలా సరిచేయడానికి, అర్థం ఉంది, కానీ దానికీ ఒక గుర్తు కావాలి. తిన్నని రోడ్డు మీద స్టీరింగ్‌ని వదులుగా పట్టుకుంటే బండి ఒక పక్కకి లాగుతోందా? టైరు ఒక అంచున మాత్రమే అరిగిందా? కొత్త టైర్లు వేశారా? పెద్ద గుంతలో దిగిందా? ఇవేవీ లేకపోతే వచ్చే సర్వీసింగ్ దాకా ఆగవచ్చు.

బ్రేక్ ప్యాడ్లు మాత్రం వేరు. అక్కడ పిసినారితనం పనికిరాదు, అలాగని చూడకుండా మార్చడమూ అక్కర్లేదు. కొత్త ప్యాడ్ మీద రాపిడి పొర సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది. 3 మిల్లీమీటర్లకి వస్తే మార్చేయాలి. కాబట్టి మెకానిక్‌ని "ప్యాడ్లు ఎలా ఉన్నాయి?" అని కాదు, "ఎన్ని మిల్లీమీటర్లు ఉన్నాయి?" అని అడగండి. మొదటి ప్రశ్నకి "అయిపోయాయండీ" అన్న జవాబు వస్తుంది. రెండో ప్రశ్నకి చక్రం విప్పి చూస్తే గానీ జవాబు రాదు. మార్చిన పాత సామాను మీకు తిరిగి ఇవ్వమని సర్వీసింగ్‌కి ఇచ్చేటప్పుడే చెప్పండి. దీనికి మొహమాటం ఎందుకు? ఆ సామాను మీదే. నిజాయితీగా పనిచేసే మెకానిక్‌కి ఈ ప్రశ్నలు నచ్చుతాయి. పాత ప్యాడ్ చేతిలో పెట్టి, "ఇదిగో చూడండమ్మా, ఈ చివర ఇనుము తేలింది" అని చూపిస్తాడు. అలా చూపించే మనిషి దొరికితే నాలుగు కిలోమీటర్లు ఎక్కువైనా అక్కడికే వెళ్లండి. కారు విషయంలో మంచి మెకానిక్‌ని మించిన ఆస్తి లేదు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న పని చెబుతాను. ఒక నోటుబుక్ కొని కారులో పెట్టుకోండి. ఫోనులో రాసుకున్నా సరే, నాకు మాత్రం కాగితమే ఇష్టం, కారు ఎవరు నడిపినా అందులో రాస్తారు. నెలకోసారి, ఉదయం ఇంకా స్టార్టు చేయకముందే, పదిహేను నిమిషాలు కారు దగ్గర నిలబడండి.

బానెట్ ఎత్తి ఇంజిన్ ఆయిల్ డిప్‌స్టిక్ బయటికి లాగండి. చాలా కార్లలో దాని పిడి పసుపు రంగు వలయంలా ఉంటుంది. ఒకసారి పాత గుడ్డతో తుడిచి, పూర్తిగా లోపలికి దించి, మళ్లీ తీయండి. చివర రెండు గీతలు లేదా రెండు చుక్కలు ఉంటాయి, తడి ఆ రెండింటి మధ్యలో ఆగాలి. బండి చదునైన నేల మీద ఉండాలి, లేకపోతే కొలత తప్పు చూపిస్తుంది. నల్లగా ఉందని భయపడకండి, పనిచేస్తున్న ఆయిలు నల్లబడుతుంది. చూడాల్సింది మట్టం. పోయిన నెల పై గీత దగ్గర ఉన్నది ఈ నెల కింది గీతకి వచ్చిందంటే, ఎక్కడో కారుతోంది లేదా ఇంజిన్ తాగేస్తోంది. కాఫీలో పాలు కలిపినట్టు లేత రంగులో నురగగా ఉంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, కలిసిందేమోనని వెంటనే చూపించాలి. తక్కువైతే కొద్దికొద్దిగా పోయండి, పై గీత దాటించకండి, ఎక్కువైనా నష్టమే. ఏ గ్రేడు పోయాలో మాన్యువల్లో ఉంటుంది. ఆయిలు చిక్కదనాన్ని చెప్పే అంకె అది, 5డబ్ల్యూ-30 అని ఉంటే అదే పోయాలి. మందంగా ఉంటే మంచిదని ఎవరో చెప్పారని మార్చకండి.

ఆయిలు మార్చే గడువు గురించి మీకు ప్రత్యేకంగా చెప్పాలి. రోజూ నాలుగైదు కిలోమీటర్లే నడుపుతానని రాశారు. తక్కువ నడుస్తోంది కాబట్టి కారు సుఖంగా ఉందని చాలామంది అనుకుంటారు. ఇంజిన్‌కి మాత్రం ఇదే కష్టమైన జీవితం. చల్లటి ఇంజిన్‌కి పెట్రోలు ఎక్కువ కావాలి, అందులో కొంత మండకుండా ఆయిల్లోకి దిగుతుంది. మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి కూడా లోపల చేరుతుంది. దూరం నడిస్తే ఆయిలు బాగా వేడెక్కి ఇవి రెండూ ఆవిరైపోతాయి. నాలుగు కిలోమీటర్లకే ఆపేస్తే లోపలే ఉండిపోతాయి. మాన్యువల్లో సర్వీసు పట్టిక పక్కనే కఠిన పరిస్థితుల్లో నడిపేవారికి అని ఇంకో పట్టిక ఉంటుంది. చాలా కంపెనీలు చిన్న చిన్న దూరాలు నడపడాన్ని అందులోనే చేర్చాయి. మీరు చూసుకోవాల్సింది ఆ రెండో పట్టిక. కిలోమీటర్లు పూర్తి కాకపోయినా నెలల గడువు దాటితే ఆయిలు మార్చేయాలి. వారానికి ఒక్కసారైనా అరగంట ఆపకుండా నడపండి. బజారు పని, బ్యాంకు పని, పిల్లల పని విడివిడిగా కాకుండా ఒకే చుట్టులో కలిపేసుకుంటే అటు ఇంజిన్‌కీ మేలు, ఇటు పెట్రోలుకీ మేలు.

పొద్దున్నే స్టార్టు చేసి అయిదు నిమిషాలు నిలబెట్టే అలవాటు ఉంటే మానేయండి. అది కార్బ్యురేటర్ల కాలం నాటి పద్ధతి. ఇప్పటి ఇంజిన్‌కి అర నిమిషం చాలు. మొదటి రెండు మూడు కిలోమీటర్లు మెత్తగా, ఇంజిన్ అరవకుండా నడిపితే అదే వేడెక్కుతుంది.

తర్వాత టైర్లు. మైలేజీ తగ్గిందన్నారు కదా, నా అనుమానం ముందు వీటి మీదకే పోయింది. డ్రైవరు తలుపు తీస్తే తలుపు చట్రం మీద, కొన్ని కార్లలో పెట్రోలు మూత లోపలి వైపు, ఒక స్టిక్కర్ ఉంటుంది. ముందు చక్రాలకి ఎంత గాలి, వెనక చక్రాలకి ఎంత, కారు నిండా మనుషులుంటే ఎంత అని అంకెలు ఉంటాయి. అవే సరైనవి. టైరు మీద అచ్చు వేసి ఉన్న అంకె ఆ టైరు భరించగల గరిష్ఠ ఒత్తిడి, అంత గాలి పట్టకూడదు. గాలి చల్లటి టైరులోనే కొలవాలి, అంటే బండి కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి. నడిచి వచ్చిన టైరులో గాలి వేడెక్కి ఒత్తిడి ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీసేస్తే చల్లారాక తక్కువైపోతుంది. సొంతంగా ఒక ప్రెషర్ గేజ్ కొనుక్కోండి. అరచేతిలో పట్టే వస్తువు, కారుకి మీరు కొనే వాటిలో దీనికంటే త్వరగా డబ్బు తిరిగొచ్చేది ఇంకొకటి నాకు కనపడలేదు. స్టెప్నీలో గాలి కూడా చూడండి. అది అవసరమయ్యే రాత్రి చూస్తే ప్రయోజనం లేదు.

గాలి తక్కువైతే టైరు రెండు అంచులూ అరుగుతాయి, ఎక్కువైతే నడిమి భాగం అరుగుతుంది. గాట్ల అడుగున అడ్డంగా చిన్న రబ్బరు గట్లు కనిపిస్తాయి, వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు అరిగి వాటితో సమానమైతే ఇక అయిపోయినట్టే, వానలో పట్టు ఉండదు. పక్కగోడ మీద డీఓటీ అన్న అక్షరాలతో మొదలయ్యే వరసలో చివరి నాలుగు అంకెలు టైరు పుట్టిన తేదీ. 2319 అని ఉంటే 2019లో 23వ వారం. మీ కారుకి కంపెనీ టైర్లే ఇంకా ఉంటే ఏడేళ్లు దాటాయన్నమాట. అయిదేళ్లు దాటిన టైర్లని ఏటా ఒకసారి తెలిసినవాళ్లకి చూపించాలి, పక్కగోడలో పగుళ్లు వస్తే గాట్లు ఎంత లోతుగా ఉన్నా తీసేయాలి. ఇక్కడ ఆదా చేయొద్దని నా గట్టి మాట. రోడ్డుని తాకేది ఆ నాలుగు అరచేతులంత రబ్బరే.

మైలేజీ నిజంగా ఎంత తగ్గిందో ముందు కొలవండి. డాష్‌బోర్డు మీద కనిపించేది అంచనా. ట్యాంకు నిండా కొట్టించి, పంపు దానంతట అది ఆగగానే ఆపించి, ట్రిప్ మీటరు సున్నా చేయండి. మామూలుగా నడపండి. మళ్లీ అదే బంకులో అలాగే నిండా కొట్టించి, నడిచిన కిలోమీటర్లని ఈసారి పట్టిన లీటర్లతో భాగించండి. మూడు ట్యాంకులు ఇలా కొలిస్తే నమ్మదగ్గ అంకె వస్తుంది. గాలి సరిచేశాక కూడా మైలేజీ తక్కువగానే ఉంటే రెండు చోట్ల వెతకండి. ఒకటి, పది కిలోమీటర్లు నడిపి ఆపాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి, తాకకండి. ఒక చక్రం మిగతావాటికంటే బాగా వేడిగా కొడుతుంటే ఆ చక్రానికి బ్రేకు పూర్తిగా వదలడం లేదు. కాలు ఒకటి యాక్సిలరేటర్ మీద, ఇంకొకటి బ్రేకు మీద పెట్టి నడిపినట్టే అది. రెండు, ఇంజిన్ టెంపరేచర్ ముల్లు. పావుగంట నడిపినా అది కింది భాగంలోనే ఉంటే ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని ఆపి ఉంచే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయి ఉండవచ్చు. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పంపుతూనే ఉంటుంది. అది పెద్ద ఖరీదైన వస్తువు కాదు. స్పార్క్ ప్లగ్గులు ఎప్పుడు మార్చారో కూడా బిల్లుల్లో చూడండి. మామూలు రకమైతే 82 వేల కిలోమీటర్ల లోపు ఒకసారైనా మార్చి ఉండాలి.

నడిపే తీరులో మీకు రెండు మాటలు. ముందు ఎర్రలైటు కనిపిస్తే న్యూట్రల్ చేయకండి, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి గేరులోనే వదిలేయండి. ఇప్పటి ఇంజిన్లలో అలా దొర్లుతున్నప్పుడు ఇంజెక్టర్లు పెట్రోలు ఆపేస్తాయి, చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగకుండా ఉండడానికి పెట్రోలు కాలుతూనే ఉంటుంది, పైగా బ్రేకుల మీద భారం పెరుగుతుంది. దూరప్రయాణంలో వేగం 80 నుంచి 100కి పెంచితే గాలి అడ్డు ఒకటిన్నర రెట్లు దాటుతుంది, ఎందుకంటే అది వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. టాప్ మీద క్యారియర్ ఉండి, వాడకపోతే విప్పేయండి.

క్లచ్ పెడల్ మీద కాలు ఆనించి నడిపే అలవాటు ఉందేమో ఒకసారి గమనించుకోండి. ఎత్తు మీద ఆగినప్పుడు సగం క్లచ్‌తో బండిని నిలబెట్టడం ఇంకా నష్టం. హ్యాండ్ బ్రేకు వేయండి. ఈ ఒక్క అలవాటు మారితే క్లచ్ ప్లేటు కొన్నేళ్లు ఎక్కువ వస్తుంది.

నా జీవితంలో జరిగినది ఒకటి చెప్పాలి. నా మొదటి కారులో కూలెంట్ డబ్బా నెలనెలా కొంచెం తగ్గేది. నీళ్లు పోసేసి, ఏముందిలే అని వెళ్లిపోయేవాణ్ని. కింద నేల మీద చుక్క కూడా పడేది కాదు. నాలుగు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ముల్లు ఎర్రగీత మీదికి వెళ్లింది. ఇంకో రెండు కిలోమీటర్లే కదా అని ఆపలేదు. ఇంటికి చేరాను గానీ ఇంజిన్ పైభాగమైన హెడ్ కింద బిగించే గ్యాస్కెట్ పోయింది, హెడ్ వంగింది. మెకానిక్ విప్పి చూస్తే మూలం ఒక చిన్న రబ్బరు గొట్టం దగ్గర క్లిప్పు. కారిన ప్రతిచుక్కా వేడి ఇంజిన్ మీదే ఆవిరైపోయేది, అందుకే నేల మీద కనపడలేదు. గొట్టానికి అయ్యే ఖర్చు ఎక్కడ, ఇంజిన్ విప్పడానికి అయిన ఖర్చు ఎక్కడ! ఆ రోజు నుంచే నోటుబుక్ పెట్టాను. కూలెంట్ డబ్బా మీద మిన్, మ్యాక్స్ గీతలుంటాయి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మట్టం చూసి రాయండి. అది మూసి ఉన్న వ్యవస్థ, నెలనెలా తగ్గకూడదు. తగ్గితే పోయడంతో ఆగకుండా ఎక్కడికి పోతోందో వెతికించండి. వేడిగా ఉన్నప్పుడు మూత ఎట్టి పరిస్థితుల్లోనూ తెరవకండి, మరుగుతున్న నీరు ఎగచిమ్మి ముఖం కాలుతుంది. ముల్లు ఎర్రగీత దాటితే ఎక్కడ ఉంటే అక్కడే పక్కకి తీసి ఆపేయండి.

లైట్ల విషయం కూడా ఇలాంటిదే. డాష్‌బోర్డు మీద ఎర్రరంగు వెలిగితే ఆపాలని అర్థం, పసుపు వెలిగితే త్వరలో చూపించాలని. ఇంజిన్ బొమ్మ లైటు నిలకడగా వెలిగితే కొద్ది రోజుల్లో చూపించవచ్చు, మిణుకుమిణుకుమంటుంటే మాత్రం నడపకండి. ఇంజిన్ సరిగ్గా మండించలేకపోతోందని, కాలని పెట్రోలు పొగగొట్టంలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తుందని దాని అర్థం. స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్ ఉంటుంది, కారు కంప్యూటర్ గుర్తించిన లోపాలని దాని ద్వారా చదవవచ్చు. అమెరికాలో 1996 నుంచి, ఐరోపా పెట్రోలు కార్లకి 2001 నుంచి ఇది తప్పనిసరి, ఇప్పుడు దాదాపు అన్నిచోట్లా వస్తోంది. చిన్న రీడర్ ఒకటి అందులో గుచ్చితే ఫోనులో కోడ్ కనిపిస్తుంది. పీ0300 అంటే సిలిండర్లలో మంట తప్పుతోందని. కోడ్ లక్షణాన్ని చెబుతుంది గానీ ఏ సామాను మార్చాలో చెప్పదు. అయినా గ్యారేజీకి వెళ్లేముందే ఆ కోడ్ రాసుకుని వెళ్తే సంభాషణ మొదటి మాట నుంచే వేరుగా ఉంటుంది.

బ్యాటరీ మీద ఒక మాట. మా బంధువొకాయన కారు మూడు రోజులు ఆగితే సెల్ఫ్ తీసుకునేది కాదు. గ్యారేజీలో రెండుసార్లు బ్యాటరీ మార్చారు. నేను ఫోను వీడియో ఆన్ చేసి డిక్కీలో పెట్టి మూత వేశాను. తీసి చూస్తే, మూత పడ్డాక కూడా లోపల లైటు వెలుగుతూనే ఉంది! స్విచ్ బిగుసుకుపోయింది. పన్నెండు వోల్టుల బ్యాటరీ బాగా ఛార్జ్ అయి ఆగి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. చిన్న దూరాలే నడిపేవాళ్ల బ్యాటరీ పూర్తిగా నిండదు, మీకు వారానికి అరగంట నడపమన్నది అందుకు కూడా.

ఇంకా రెండు మూడు పనులున్నాయి, ఇవి తొందరగా చెప్పేస్తాను. ఏసీ గాలి తక్కువగా వస్తుంటే క్లీనింగ్ అంటారు, ముందు క్యాబిన్ ఫిల్టర్ చూడండి. చాలా కార్లలో అది గ్లవ్ బాక్సు వెనకే ఉంటుంది, చేత్తో తీసి మార్చుకోవచ్చు. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, తేమ చేరినకొద్దీ త్వరగా మరుగుతుంది, దిగుడు రోడ్డులో బ్రేకు మెత్తబడేది అందుకే. చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి, మీరు పంపిన బిల్లులో అది కనపడలేదు. ఇంజిన్ లోపల వాల్వుల్ని పిస్టన్లతో లయ తప్పకుండా తిప్పే టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్ అయితే దాని గడువు మాన్యువల్లో చూడండి, అది తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకి తగిలి అసలుకే మోసం వస్తుంది. చైను ఉంటే ఆ గడువు లేదు. పెట్రోలు ట్యాంకు ఎప్పుడూ అడుగంటేదాకా నడపకండి, ఇంధన పంపు ఆ పెట్రోల్లోనే మునిగి చల్లబడుతుంది. మాన్యువల్ మామూలు పెట్రోలు చాలంటే ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు కొట్టించినా అదనంగా వచ్చేదేమీ లేదు. పక్షి రెట్ట పడితే ఆ రోజే తడిపి తుడవండి.

ఇన్సూరెన్స్‌లో చిన్న గీతలకి క్లెయిమ్ పెట్టేముందు, క్లెయిమ్ చేయనివాళ్లకి ప్రీమియంలో ఇచ్చే రాయితీ మీరు ఎంత పోగొట్టుకుంటారో అడగండి. కొన్నిసార్లు సొంత డబ్బుతో బాగు చేయించుకోవడమే లాభం.

కారుని ఎంతకాలం నడపవచ్చని మీ వారు అడిగితే ఒక మనిషి గురించి చెప్పండి. అమెరికాలో ఇర్వ్ గోర్డన్ అనే సైన్సు టీచరు 1966లో ఒక వోల్వో పీ1800ఎస్ కొన్నారు. 2013లో ఆ కారు మీటరు 30 లక్షల మైళ్లు, అంటే 48 లక్షల కిలోమీటర్లు దాటింది. ఒకే యజమాని నడిపిన దూరంలో అది గిన్నిస్ రికార్డు. ఆయన చేసిన మాయేమీ లేదు, కంపెనీ చెప్పిన సర్వీసు గడువులు తప్పకుండా పాటించారు. మనకి అంత అక్కర్లేదు. మీ 82 వేలు మాత్రం ఏ లెక్కన చూసినా ముసలితనం కాదు.

అలాగని ఎప్పుడూ అమ్మొద్దని నేను అనను. కారు అడుగుభాగం చట్రంలో తుప్పు తిని చిల్లులు పడితే, ఇంజిన్ లేదా గేర్‌బాక్స్ బాగు చేయించే ఖర్చు కారు విలువని మించితే, సామాను దొరక్క నెలలు ఆగాల్సి వస్తుంటే, ఏడాదిలో మూడు నాలుగుసార్లు రోడ్డు మీద వదిలేస్తే అప్పుడు అమ్మండి. ఇంట్లో మనుషులు పెరిగి చోటు చాలకపోయినా అమ్మండి. ఆ రోజున కూడా ఈ నోటుబుక్కే మీకు ధర తెచ్చిపెడుతుంది. కొనేవాడికి బండి మీద ఉండే భయమంతా లోపల ఏముందో తెలియకపోవడమే. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏం మార్చారో బిల్లులతో సహా చూపిస్తే బేరం తీరే మారిపోతుంది. కాబట్టి ఇప్పటిదాకా కట్టిన బిల్లులన్నీ, చిరిగినవైనా, ఒక కవరులో వేసి పెట్టండి.

ఈ ఆదివారం పొద్దున్నే, స్టార్టు చేయకముందు, మీ వారిని కూడా పిలిచి నోటుబుక్ మొదటి పేజీ ఇద్దరూ కలిసి రాయండి. నాలుగు టైర్లలో, స్టెప్నీలో గాలి ఎంతుందో, వాటి మీద ఆ నాలుగంకెల తేదీలు ఏమిటో, డిప్‌స్టిక్ మీద ఆయిలు ఎక్కడ ఆగిందో, కూలెంట్ మట్టం ఎంతో, స్పార్క్ ప్లగ్గులు చివరిసారి ఎప్పుడు మార్చారో రాయండి. మూడు ట్యాంకుల మైలేజీ లెక్క తేలాక ఆ పేజీ ఫోటో తీసి నాకు పంపండి. పెట్రోలు ఎక్కడికి పోతోందో ఆ అంకెలు చూసి చెబుతాను.